పోశెట్టి గొంగడి, నా పదిహేడు మంది దొంగలు

ఒక్క పూటల పదిహేడు మంది దొంగలను పట్టిన మొగోన్ని మీరు ఎన్నడన్న చూసిండ్రా? చూడకుంటే ఇగో, ఇటు తిరుగుండ్రి. పోయింది మాత్రం ఒక్కటే బంగారు గుండ్లదండ. ఒక్క దండకు పదిహేడు మంది దొంగలు ఎట్ల సరిపోయిండ్రని అడుగకుండ్రి. గప్పుడు నాకు గా ప్రశ్న రాలే. వస్తే గీ కథనే ఉండకపోవు. అప్పటి నా తెలివిని తలుసుకుంటే ఇప్పటికీ అన్నం తింటుంటే పొలమారుతది.

ఇప్పటి పోరగాండ్లు టీవీ ముందట కూసొని, వీపుకు గుడ్డ కట్టుకొని గాలిల ఎగిరేటోళ్లను చూసి సప్పట్లు కొడుతరు. మా బోధన్ దిక్కు ఎనుకట గసొంటోడు ఒక్కడు ఉండె. పేరు పోశెట్టి. ఎగురుడు మాత్రం రాకపోవు. ఎక్కడికి పోయినా బస్సులనే, అది కూడ కిటికీ పక్కన సీటు దొరికితేనే. వీపుకు గుడ్డ బదులు నల్ల గొంగడి. గా గొంగడి కప్పుకొని ఊర్లె దిగిండంటే దొంగలకు చెమటలు పట్టేటియి. రెంజల్ల బర్రె పోయినా, వర్నిల వడ్ల బస్తా పోయినా, జనం ఠాణా కన్న ముందు పోశెట్టి గడపకు వచ్చేటోళ్లు. దొంగతనం చేద్దామనుకున్నోడు కూడ పోశెట్టి ఇంట్ల ఉన్నడా, సుట్టాల పెండ్లికి పోయిండా అని ముందుగాల అర్సుకునేటోడట.

గా పోశెట్టికి నేను చేతి మనిషిని. ఆరేండ్లు. నా పేరు సాయిలు. పెండ్లయి ఇద్దరు పిల్లలున్నా, ఆయన సంచి మోస్తనని ఊర్లల్ల నన్ను "పోశెట్టి సంచి" అనేటోళ్లు. ఇజ్జత్ ఉన్న పేరేనా, మీరే చెప్పుండ్రి.

ఆయన పనితనం గిట్లుండేది. పోయిన ఇంట్ల ఒక చీకటి అర్ర చూసుకొని, దాంట్ల నీళ్ల కుండ పెట్టిచ్చేటోడు. అనుమానం ఉన్నోళ్లందరిని బయట వరుసగ నిలవెట్టి, గొంతు సవరించుకొని అనేటోడు: "ఇది మల్లన్న కుండ. ఒక్కొక్కలు లోపలికి పోవాలె, కుడిచెయ్యి ముంచాలె, రావాలె. తప్పు చెయ్యనోనికి సల్లగ తగులుతది. దొంగ ముంచిండా, కుండ ఇడువదు. మణికట్టు దాక పట్టుకుంటది."

లోపల ఎవ్వలు ఉండరు. బయటికి వచ్చినోడు కండ్లు మూసుకొని చెయ్యిని పోశెట్టి గొంగడి కింద పెట్టాలె. ఆయన అరచేతిల చిటికెడు బండారి, అంటే మల్లన్న పసుపు, రాసి, గొంగడిల తల పెట్టి చూసేటోడు. చూసి, నిమ్మచెక్కతోని తుడిచి పంపేటోడు. అందరు అయిపోయినంక ఒకని ముందట నిలవడి "ఏడ పెట్టినవ్ బిడ్డా?" అనేటోడు. గంతే. వాడు ఏడ్సుడు, సొమ్ము దొరుకుడు.

కుండల నీళ్లు పోసుడు నా పని. ఉత్త నీళ్లు కావు, సున్నపు తేట. సున్నం నానవెట్టి, అది అడుక్కు దిగినంక పైన తేరుకున్న నీళ్లు. చూస్తే బాయినీళ్ల లెక్కనే ఉంటయి. పసుపుకు సున్నం తగిలితే ఎర్రగైతదని మీకెర్కే, నాకెర్కే. దిష్టినీళ్లు కలపని ఇల్లు ఉన్నదా? మరి చెయ్యి ఎర్రగైనోడు దొంగనా, కానోడు దొంగనా? గదే గొంగడి కింది ముచ్చట. ఆరేండ్లల్ల ఒక్కసారి కూడ నన్ను గొంగడిల తల పెట్టనియ్యలే ముసలాయన. నేనూ అడుగలే. అడుగుడెందుకు? ఎరుపంటే తప్పే గదా! బడిల పంతులు నా తప్పులన్నిటికి ఎర్రసిరాతోనే గీతలు గీసె. రైలును ఆపేది ఎర్రజెండనే. గింత దానికి ఒకలను అడుగుడా?

"ఓ సాయిలూ, నీళ్లు అందరికీ ఒక్కటే గదా, ముంచినోళ్ల చేతులన్నీ ఎర్రగ కావాలె గదా" అని మీకు షక్, గదే అనుమానం, వచ్చింది. మంచిది. నాకు రాలే. సున్నం కలిపేటోన్ని నేనే, అయినా మిగతది మల్లన్న చూసుకుంటడని బేఫికర్ గ ఉన్న.

ఒక ఏడు పోశెట్టి కండ్లకు శుక్లాలు వచ్చినయి. రంగులు పోల్చుకోవస్తలేదు. నన్ను పిలిచి గొంగడి చేతిల పెట్టిండు.

"సాయిలూ, ఇగ నువ్వే చూసుకో. రంగు సంగతి ఎర్కేనా?"

"ఆరేండ్ల సంది సున్నం కలుపుతున్న ఉస్తాద్. నాకెర్క లేదా?"

"ఎర్కనే అంటవ్. ఏం ఎర్కనో చెప్పు, విందాం."

అనుమానం చూసిండ్రా! నాకు నెత్తికి ఎక్కింది. "నాకే పరీక్ష పెడుతున్నరా?" అన్న.

"సరే పాయె. ఒక్క మాట యాది పెట్టుకో. పసుపు ఉడుకవెట్టే దినాలల్ల ధర్పల్లి దిక్కు పోకు."

"ఎందుకు?"

"పోకు అన్న. గంతే."

ఆయనకు నా మీద షక్, నాకు ఆయన మీద షక్. ధర్పల్లి దిక్కు పసుపు రైతులు, మర్యాద తెలిసినోళ్లు, కోడిని కోసి అన్నం పెట్టేటోళ్లు. కండ్లు బాగైనంక తనే పోవాలని వాళ్లను నాకు దక్కకుంట దాచిపెట్టుకుంటున్నడు ముసలాయన, అని ఖాయం చేసుకున్న. ముసలోళ్ల మాటల ఏదో మతలబు ఉంటదని నాకు చిన్నప్పటి సంది నమ్మకం. మతలబు ఉంటది. అది మన మంచికే ఉంటదని మాత్రం నాకు తోచకపోవు.

గొంగడి నా భుజం మీదికొచ్చి పదిహేను దినాలు గాలే, గా ధర్పల్లి దిక్కు ఊరి నుంచే ఒకామె రెండు బస్సులు మారి వచ్చింది. పేరు లస్మవ్వ. ఊరి పేరు చెప్ప. గా ఊర్లె నన్ను ఇంక మరువలే.

"అన్నా, పోశెట్టన్న ఉన్నడా?"

"ఇప్పుడు నేనే పోశెట్టిని" అన్న. నిజంగ గట్లనే అన్న, సిగ్గు లేకుంట.

ఆమె గడపల కూలవడ్డది. "భూమన్న పటేల్ ఇంట్ల పటేలమ్మ గుండ్లదండ పోయిందన్నా. గా దినం ఇల్లు అలికింది నేనే. నేనే తీసిన్నంటున్నరు. బీడీలు చేసుకొని బతుకుతున్న. దొంగ ముద్ర పడ్డదని ఆకు తంబాకు ఇచ్చేటాయన కూడ ఇస్తలేడు. 'ముందుగాల నీ సంగతి తేలనీ' అంటున్నడు. ఆకు లేకుంటే నా పిల్లలకు బువ్వ లేదన్నా. నువ్వొచ్చి నిజం తేల్చు."

"నువ్వు తియ్యలేదు గదా?" అని ఒక కన్ను మూసి అడిగిన.

"తీస్తే నీ ఇంటికొస్తనా?"

గదీ నిజమే. కానీ ఎవ్వలినీ నమ్మొద్దనేది మా పనిల మొదటి పాఠం. గందుకని బస్సుల ఆమె మీద ఒక కన్ను, కండక్టర్ మీద ఒక కన్ను పెట్టిన. నా పక్కన ఒకాయన గంపల కోడిపుంజు ఉండె. అది నా సంచి దిక్కే చూస్తున్నది. దాని మీద కూడ అనుమానపడ్డ.

ఊర్లె దిగితె ఎటు చూసినా పసుపే. పెద్ద పెద్ద కడాయిలల్ల కొమ్ములు ఉడుకుతున్నయి, కల్లాలల్ల ఎండుతున్నయి. మొగోళ్లు, ఆడోళ్లు, ముసలోళ్లు మోచేతుల దాక పచ్చగున్నరు. నా ఉస్తాద్ అయితే బస్సు దిగకుంటనే ఎనుకకు మర్లేటోడు. నేను మాత్రం "పాపం, గీ ఊర్లె సబ్బు దొరుకదేమో" అనుకున్న.

పటేల్ ఇంటి ముందట ఊరు ఊరంత జమైంది. పటేల్ కుర్చీల కూసున్నడు, నిమ్మకాయ నిలవెట్టేటంత మీసం. పనోళ్లు, కూలోళ్లు, ఇంటోళ్లు కలిసి పదిహేడు మందిని వరుసగ నిలవెట్టిచ్చిన. గా పదిహేడు మందిల పటేల్ తల్లి రాజవ్వ కూడ ఉన్నది. "ఇంట్ల ఉన్నోళ్లందరం ముంచుతం. ఒక్క లస్మవ్వనే ఎందుకు ముంచాలె?" అన్నది.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నడని సామెత గదా. నేను గొంగడి సర్దుకొని, "దొంగ ఈడనే ఉన్నడు!" అని గట్టిగ అన్న. పదిహేడు మంది ఒక్కసారే భుజాలు దులుపుకున్నరు. అది పసుపు దుమ్ము దురద. నాకు మాత్రం గుండె ఝల్లుమన్నది. ఇది ఒక్కని పని కాదు, ముఠా!

కుండ గురించి ఉస్తాద్ చెప్పే మాటలే పొల్లు పోకుంట చెప్పిన. పటేల్ కుర్చీలకెళ్లి వంగిండు.

"సాయిలూ, గా కుండ నిజంగనే పట్టుకుంటదా?"

"మణికట్టు దాక పటేలా. వర్నిల ఒకని చెయ్యి ఇడిపియ్యనీకి కుండ పలగ్గొట్టవలసొచ్చింది" అని ఒక అబద్ధం అతికిచ్చిన. పటేల్ మీసం మీద చెయ్యేసుకున్నడు.

మొదలు జీతగాడు ఎల్లయ్య లోపలికి పోయిండు. బయటికొచ్చి చెయ్యి లేపిండు. ఏం చెప్పాలె! మోచేతి దాక పచ్చగున్న చెయ్యి, మణికట్టు కాడికెళ్లి కింద ఎర్రగ, సుర్రుమనేటట్టున్నది. బండారి అక్కరే రాలే. గొంగడి కింద గుట్టుగ చూసుడు లేదు. ఊరంత నా కన్న ముందుగాల చూసింది.

"అయ్యో, నెత్తురు!" అని ఒకామె మొత్తుకున్నది.

"నెత్తురు కాదు! దొంగ దొరికిండు!" అని నేను ఎగిరిన.

"నేనేం తీసినయ్యా?" అని ఎల్లయ్య నోరు తెరిచిండు. పటేల్ కట్టె పట్టుకొని లేసిండు. రాజవ్వ అడ్డమొచ్చింది. "ఆగురా భూమన్నా. ఒక్కని చూసి కొడుతవా? మిగతోళ్లను కూడ పోనీ."

రెండోది ఎల్లయ్య పెండ్లం. ఎరుపు. "మొగడు తీసిండు, పెండ్లం దాచిపెట్టింది" అన్న. మూడోడు బండి తోలేటోడు. ఎరుపు. "బండిల తరలిచ్చిండ్రు" అన్న. నాలుగు, ఐదు, ఆరు, అన్నీ ఎరుపే. ఎవ్వలొచ్చినా ఏం చేసిండ్రో నేనే కథ అల్లి చెప్తున్న. ఎనిమిదో దొంగకొచ్చేసరికి నా కథలనే ఇద్దరు సరిహద్దు దాటి నాందేడ్ పోయిండ్రు. జనం నోరు తెరుసుకొని వింటున్నరు. ఉస్తాద్ జిందగీల ఒక్కొక్కని పట్టిండు, నేను మొదటి దెబ్బకే ముఠాను పట్టిన అని నా ఛాతి గొంగడిల పడుతలేదు.

పటేలమ్మ వచ్చింది. ఎరుపు.

"నా దండ నేనే దొంగతనం చేసుకున్ననా?" అన్నది.

"పెద్ద కేసులల్ల గట్లనే అయితదమ్మా."

రాజవ్వ వచ్చింది. ఎరుపు.

"ఓరి సాయిలూ, నాకు నోట్ల పండ్లు లేవు, నేను దొంగనారా?"

"పండ్లతోని పనేంది అవ్వా? దండ తీసుడు చేతుల పని."

జనంల గుసగుస మొదలైంది. "నిజంగ పోశెట్టి మనిషేనా వీడు?" అని ఒకడు. "గొంగడి ఎత్తుకొచ్చిండేమో" అని ఇంకొకడు. గా మాట ఇనవడ్డది, వాని మొకం గుర్తు పెట్టుకున్న. పద్దెనిమిదో దొంగ వాడే కావచ్చు.

ఆఖరుకు లస్మవ్వ. లోపలికి పోయేటప్పుడు నా దిక్కు చూసి జరంత నవ్వింది. ఇగ నా కష్టం గట్టెక్కిందన్నట్టు. బయటికొచ్చి అందరికన్న ఎత్తుగ లేపింది చెయ్యి. ఎర్రగున్నది.

నేను వేలు పెట్టి చూపిన. "ఈమె కూడ!"

లస్మవ్వ చెయ్యి దించలే. "అన్నా, నిన్ను పిలుచుకొచ్చింది నేనే గదా" అన్నది. అరువలే, ఏడ్వలే, మెల్లగ అన్నది. గప్పుడన్న నేను ఆగాలె. ఆగలే. గా మాట యాదికొస్తే నాకు ఇప్పటికీ షరమైతది. నవ్వుకుంట చెప్తున్న గని, గా ఒక్క కాడ నవ్వు రాదు.

"దొంగలందరు దొరికిండ్రు" అన్న. "ఏడ దాచిండ్రో చెప్పుండ్రి."

ఎల్లయ్యకు కోపం వచ్చింది. "మేమందరం ముంచినం. పటేల్ కూడ ముంచని!" జనమంత "ముంచాలె, ముంచాలె" అన్నరు.

పటేల్ లేసిండు. మీసం దువ్వుకుంట లోపలికి పోయిండు, జర సేపటికి వచ్చిండు. చెయ్యి చూపిండు. పచ్చగ, బంగారం లెక్క. ఎరుపు మచ్చ కూడ లేదు.

నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. ఊరంతల ఒక్క మంచి మనిషి! నేను పోయి పటేల్ కాళ్లకు మొక్కిన. మొక్కి ఊకున్ననా? "గీ ఊర్లె ఒక్కడే దొర! సూడుండ్రి, నేర్సుకోండ్రి! అందరు దండం పెట్టుండ్రి!" అని మొత్తుకున్న. అలవాటు పాడుగాను, పదిహేడు మందిల సగం మంది పెట్టిండ్రు కూడ. ఎర్రటి చేతులతోని.

రాజవ్వ దండం పెట్టలే. అరచెయ్యి ముక్కు కాడ పెట్టుకొని వాసన చూస్తున్నది. లేసి అర్రలకు పోయి, వేలు ముంచి నాలుకకు రాసుకొని తుపుక్కున ఉమ్మింది.

"ఓరి బద్మాష్! ఇది సున్నపు తేట. దినాం పాన్ల ఏసుకునేదాన్ని, నాకెర్క లేదా? పసుపు చేతులు సున్నంల పెడితే ఎర్రగ కాక నల్లగైతయారా?"

జనమంత నా దిక్కు చూసిండ్రు. నేను గొంగడిల తల పెట్టుకున్న. గొంగడి కింద ఏముంటదో గప్పుడు ఎర్కైంది. మస్తు ఉక్కపోత ఉంటది.

రాజవ్వ ఊకోలే. నా ఆరేండ్ల చదువును ఆమె ఆరు నిమిషాలల్ల చదివేసింది. "నేను ముంచిన, ఎర్రగైంది. కోడలు ముంచింది, ఎర్రగైంది. లస్మవ్వ ముంచింది, ఎర్రగైంది. పొద్దటి సంది పసుపు రాశి మీదనే ఉన్నవ్ గదరా భూమన్నా, నీ చెయ్యి ఎందుకు ఎర్రగ కాలే?"

"ముంచిన్నే అవ్వా."

"ఏదీ, కుండ బయటికి పట్టుకరా ఎల్లయ్యా. నా ముందట ముంచని."

కుండ వచ్చింది. పటేల్ చెయ్యి ముంగటికి పెట్టిండు, ఎనుకకు గుంజుకున్నడు. మళ్ల పెట్టిండు, మళ్ల గుంజుకున్నడు. ఊరంత ముందటికి జరిగింది.

"ముంచుదామనే పోయిన్నే అవ్వా" అన్నడు ఏడుపు గొంతుతోని. "కుండ ఇడువదన్నడు గదా గీ సాయిలు!"

ఇగ ఒప్పుకునుడు ఏం మిగిలింది? దండ పేకాటల పోయింది, నిజామాబాద్ల. పెండ్లానికి చెప్పనీకి దమ్ము లేక, ఇల్లు అలికినామె మీద పెట్టిండు. పటేలమ్మ లోపలికి పోయి తలుపు పెట్టుకున్నది. గా తలుపు సప్పుడుకు పటేల్ మీసం ఎట్ల నిలవడ్డదో ఏమో.

ఇంటి దొంగను ఈశ్వరుడు కూడ పట్టలేడంటరు. పట్టకపోతే పాయె! ఈశ్వరుడు నా లెక్క వాని కాళ్లకన్న మొక్కలేదు గదా.

సందు చూసుకొని సంచి సంకల పెట్టుకున్న. లస్మవ్వ ముందటికొచ్చి నిలవడ్డది.

"యాడికి పోతున్నవ్ అన్నా?"

"తప్పైంది సెల్లే. అందరి ముందట నిన్ను దొంగన్న. కాలు మొక్కుత."

"కాలొద్దు. నువ్వు ఊరందరిని దొంగలన్నవ్, గందుకే నాకు జర తక్కువ నొచ్చింది. కానీ పటేల్ నన్ను దొంగన్నది వాడ వాడకు ఎర్కైంది. కాదనేది కూడ గట్లనే ఎర్క కావాలె. డప్పు తెప్పిస్త. సాటింపు ఎయ్యి."

"నేనా?"

"నువ్వే. గొంగడి కప్పుకొనే."

మిట్టమధ్యాహ్నం, ఎర్రటెండల, నల్ల గొంగడి కప్పుకొని, మెడల డప్పు ఏసుకొని ఊరంత తిరిగిన. ఎనుక నా దొంగల ముఠా. "ఇనుండ్రహో! లస్మవ్వ దొంగ కాదహో!" ఒక్క వాడ ఇడువనియ్యలే. ఆకు తంబాకు ఇచ్చేటాయన ఇంటి ముందట మూడుసార్లు ఏపిచ్చింది. ఆయన బయటికొచ్చి, తల గోక్కొని, "రేపు పొద్దుగాల వచ్చి ఆకు తీస్కపో" అన్నడు. లస్మవ్వ గప్పుడు ఏడ్సింది. అంత సేపు ఆపుకున్నదంత ఒక్కసారి ఏడ్సింది. నాకూ ఆగలే. డప్పు మీద నీళ్లు పడి సప్పుడు కూడ సరిగ రాలే.

"ఇంకెవలన్న ఉన్నరా అన్నా, సాటింపు ఏపిచ్చుకునేటోళ్లు?" అని ఎల్లయ్యను అడిగితే, "నేను కూడ దొంగ కాదని ఎయ్యి" అన్నడు. ఆనక ఎల్లయ్య పెండ్లం. ఆనక బండి తోలేటోడు. పదిహేడు సాటింపులు ఏసేసరికి నా గొంతు కప్ప గొంతైంది.

తెల్లారి ఉస్తాద్ ముందట కూసొని అంత చెప్పిన. ఆయన పొట్ట పట్టుకొని నవ్విండు, కండ్లల్ల నీళ్లు కారేదాక నవ్విండు.

"ముట్టనోడు దొంగ సాయిలూ. భయపడి ముట్టడు. గంతే ఉన్నది దాంట్ల. ఆరేండ్లల్ల గింత మాట అడుగకపోతివా?"

"మీరెందుకు చెప్పలే?"

"నీకెర్కైతే నువ్వే దుకాణం పెట్టుకుంటవని షక్ ఉండె. నువ్వెందుకు అడుగలే?"

"అడిగితే ఎర్క లేదని మీకు ఎర్కైతదని."

ఇద్దరం ఒకల మొకం ఒకలం చూసుకున్నం. ఆరేండ్లు ఒక్క బస్సుల, ఒక్క సీట్ల కూసొని తిరిగినోళ్లం.

గా దినమే మల్లన్న మీద ఆన పెట్టుకున్న. ఇంట్ల కారం డబ్బా ఖాళీ అయినా ఎవలు తిన్నరని అడుగొద్దు. దుకాణంల బెల్లం ముక్క తక్కువైతే ఈగ తిన్నదనుకోవాలె. ఏమన్న తెల్వకపోతే చిన్న పిల్లనైనా సరే, సిగ్గు ఇడిసి అడుగాలె. అందరు ఇనుండ్రి: బోధన్ సాయిలు అనేటోన్ని నేను, బతికున్నంత కాలం ఇగ ఎవ్వలినీ దొంగ అనను. ఎవ్వలినీ దొర అని కూడ అనను. రెండోదాంతోనే ఎక్కువ డేంజర్.